ఇండీ దుస్తులు: వేషంలా కనిపించకుండా ఎలా?

ప్రశ్న: ఇండీ రాక్, గ్రంజ్ (కరకు గిటార్ల మోతతో సాగే ఒక రకం రాక్) సంగీతం చాలాకాలంగా వింటున్నాను. ఆ బృందాల తీరులో తయారవ్వాలని గళ్ల ఫ్లానెల్ (మెత్తని, వెచ్చని బట్ట) చొక్కా, చిరుగుల జీన్స్, బ్యాండు బొమ్మ ఉన్న టీ షర్టు, బరువైన తోలు బూట్లు కొనుక్కున్నాను. అన్నీ కలిపి వేసుకున్న రోజున మాత్రం నాటకానికి వేషం కట్టినట్టుందని స్నేహితులు నవ్వారు. లోపం ఎక్కడుంది?

జవాబు: అన్నిటినీ ఒకే రోజు వేసుకోవడంలో ఉంది. ఇండీ అనే మాట మొదట్లో దుస్తులకు సంబంధించినదే కాదు. పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా సొంతంగా రికార్డులు విడుదల చేసే చిన్న సంస్థలను, అంటే 1978లో మొదలైన రఫ్ ట్రేడ్, ఫ్యాక్టరీ వంటి బ్రిటిష్ లేబుళ్లను ‘ఇండిపెండెంట్’ అనేవారు. ఆ మాటే పొట్టిదై ఇండీ అయింది. ఆ సంస్థల దగ్గర డబ్బు తక్కువ, వాటికి పాడేవారి దగ్గర మరీ తక్కువ కాబట్టి, ఎవరో వాడి వదిలేసిన కోట్లూ స్వెట్టర్లూ వారి ఒంటి మీదికి చేరాయి. అమెరికాలోని సియాటిల్ నగరపు గ్రంజ్ బృందాలు ఫ్లానెల్ చొక్కాలు తొడిగింది కూడా అక్కడి చలికి పనికొస్తాయని, పాతబట్టల దుకాణాల్లో చవకగా దొరుకుతాయని. 1992లో మార్క్ జేకబ్స్ అనే డిజైనర్ పెర్రీ ఎల్లిస్ సంస్థ కోసం అవే గళ్లను పట్టు మీద అచ్చువేయించి ప్రదర్శిస్తే, విమర్శకులు మండిపడ్డారు, ఆయన ఉద్యోగం పోయింది. ఈనాడు అదే ప్రదర్శనను మెచ్చుకుంటూ తలచుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఇక మీ బీరువా విషయానికి వద్దాం. కొన్న నాలుగింటిలో రోజుకు ఒకటి, మహా అయితే రెండు ఎంచుకుని, మిగిలినవి మీరు మామూలుగా వేసుకునేవే ఉంచండి. గళ్ల చొక్కా తొడిగిన రోజు లోపల బొమ్మ లేని టీ షర్టు, కింద చిరుగులు లేని జీన్స్ చాలు. చొక్కా ఒక సైజు పెద్దదైనా ఫరవాలేదు గానీ, భుజం కుట్టు రెండు వేళ్ల వెడల్పుకు మించి కిందికి జారితే అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. పైన వదులైతే కింద కాస్త ఒంటికి దగ్గరగా ఉండాలి. బూట్లు బరువైనవైతే జీన్స్ అంచును ఒక మడత మడిచి బూటు పైభాగం కనిపించనివ్వాలి.

చిరుగుల జీన్స్ విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. వాడగా వాడగా బట్ట మోకాళ్ల దగ్గర, జేబు అంచుల్లో, మడమల దగ్గర అరుగుతుంది. కొనేనాటికే చిరిగి ఉన్నది తరచుగా రెండు కాళ్లకూ ఒకే తీరున చిరిగి ఉంటుంది, చూసేవారి కన్ను అక్కడే పట్టేస్తుంది. దాన్ని పక్కన పెట్టి, మీ పాత జీన్స్‌నే అది అరిగేదాకా వేసుకోండి. నిర్వాణా అనే గ్రంజ్ బృందపు గాయకుడు కర్ట్ కొబేన్ 1993లో ఎంటీవీ కచేరీలో తొడుక్కున్న ముందు బొత్తాలుండే ఆకుపచ్చ స్వెట్టర్, అంటే కార్డిగన్‌కు ఒక బొత్తాం లేదు, ఒకచోట కాలిన చిల్లు ఉంది. ఆ లోపాలతోనే, ఉతకకుండానే, 2019 నాటి వేలంలో అది 3,34,000 డాలర్లు పలికింది.

ప్రశ్న: పాటలు వినని బ్యాండు టీ షర్టు వేసుకోవడం తప్పా?

జవాబు: తప్పేమీ కాదు, అయితే ఎవరైనా అడిగితే చెప్పగలిగేంత తెలుసుకోవడం మంచిది. నల్లని బట్ట మీద తెల్లని అలల గీతలున్న టీ షర్టును ఎంతోమంది వేసుకుంటారు. ఆ బొమ్మ జాయ్ డివిజన్ బృందం 1979లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్ అట్ట మీదిది. నిజానికి అది 1967లో కనుగొన్న మొట్టమొదటి పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) నుంచి అందిన రేడియో స్పందనల గ్రాఫు, ఒక ఖగోళశాస్త్ర విజ్ఞానసర్వస్వంలోంచి తీసుకున్నారు. అలాంటి టీ షర్టును తిరగేసి చల్లటి నీళ్లలో ఉతికి, నీడలో ఆరవేయండి; బొమ్మ త్వరగా పగుళ్లు తీయదు.