బోరు నీళ్లు, శెనక్కాయ చెట్టు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. అనంతపురంలో ఫొటో తీయడానికి ఎండా బీడూ తప్ప ఏముంది, హంపికో అరకుకో పోతానని రాశావు. పో, కాదనను. కానీ ముందు ఈ ఎండతోనే ఒక పని చేసి చూడు.

దీనికి కెమెరా అక్కర్లేదు. ఎండ తగిలిన చోట నీలంగా, వస్తువు కప్పిన చోట తెల్లగా కాగితం మీద ముద్ర పడే పద్ధతి ఇది. సయనోటైప్ అంటారు, 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అనా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుని ఇలా ముద్రించడం మొదలుపెట్టింది. ఆవిడకి నాచు, మనకి శెనక్కాయ చెట్టు.

100 మి.లీ. నీళ్లలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, ఇంకో 100 మి.లీ.లో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసైనైడ్ కలుపు. వంటింటి గిన్నెలు వాడొద్దు, చేతులకి గ్లౌజులు వేసుకో. రాత్రిపూట చిన్న బల్బు వెలుగులో రెండూ సమంగా కలిపి మందపాటి కాగితానికి బ్రష్‌తో పూసి, చీకట్లో ఆరబెట్టు.

చెట్టు మాత్రం రైతుని అడిగి, వేళ్లతో సహా పీకు. మట్టి దులుపు, కడగొద్దు. కాగితం మీద పరిచి అద్దం పెట్టి ఎండలో ఉంచు. కాయలు లావు కాబట్టి అద్దం పూర్తిగా ఆనదు. పువ్వు నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే ఊడ దగ్గర గీత సన్నగా పడుతుంది, కాయ చుట్టూ మాత్రం పొగలా మసకబారుతుంది. ఆ మసకని సరిచేయకు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. వేళ్ల బుడిపెలు, అంటుకున్న మట్టి రేణువులు తెల్లటి చుక్కలుగా వస్తాయి. అంచులు కంచు రంగుకి తిరిగాయంటే తీసెయ్యొచ్చు. మన మే ఎండకి పది నిమిషాలు చాలు, మబ్బుంటే చాలాసేపు పడుతుంది.

తర్వాత పసుపు రంగు పోయేదాకా నీళ్లలో కడగాలి. నా మొదటి కాగితాలు ఇక్కడే పాడయ్యాయి. బోరు నీళ్లలో కడిగితే నీలం కళ్ల ముందే వెలిసిపోయింది, ఎంత టెన్షన్ పడ్డానో. క్షార గుణమున్న నీళ్లు ఈ రంగుని తినేస్తాయి. మొదటి కడుగు నీళ్లలో కాస్త నిమ్మరసం పిండితే నిలుస్తుందని తర్వాత తెలిసింది. కానీ ఆ వెలిసిన కాగితాలు పారేయలేదు. ఏడాదికి 550 మి.మీ. వాన పడే నేలలో, లోతు నుంచి తోడిన నీళ్లు వాటంతట అవే గీసిన బొమ్మలమ్మా అవి. పగుళ్ల నేల ఫొటోలు ఎన్నో చూశాను, ఏదీ మన ఊరి నీళ్ల గురించి ఇంతగా చెప్పలేదు.

చవితి నాటికి ఊడలు దిగి ఉంటాయి. ఈలోపు ఒక బిందె వాననీళ్లు పట్టి ఉంచు. ఒకే చెట్టుని రెండు కాగితాల మీద వేసి, ఒకటి బోరు నీళ్లలో, ఇంకోటి వాననీళ్లలో కడిగి, పండక్కి వచ్చేటప్పుడు రెండూ తీసుకురా.

పెదనాన్న