సన్ యట్‌సేన్ ఎవరికి భయపడి యుద్ధనౌక ఎక్కారు?

1922లో చైనా విప్లవ నాయకుడు సన్ యట్‌సేన్ 'యుంగ్‌ఫెంగ్' నౌకలో తలదాచుకున్నది సొంత పక్షం సేనాని చెన్ జియోంగ్‌మింగ్ తిరుగుబాటు నుంచే. సైన్యంతో ఉత్తరాదికి కదలాలని సన్, ముందు దక్షిణ చైనాలోని తమ రాష్ట్రం గ్వాంగ్‌డాంగ్‌ని చక్కదిద్దుకుందామని చెన్. అక్కడే చెడింది. జూన్ 16న చెన్ సైనికులు గ్వాంగ్‌జౌలో సన్ నివాసంపై ఫిరంగులు పేల్చారు. ఆయన పెర్ల్ నదిలోని నౌకల్లోకి చేరి, ఆగస్టు 9 దాకా అక్కడే పట్టుబట్టి ఉన్నారు. ఆ కష్టకాలంలో వచ్చి నౌకెక్కినవాళ్లలో, తర్వాత చైనా పాలకుడైన చియాంగ్ కై-షేక్ ఒకరు. సన్ దగ్గర ఆయన పలుకుబడి పెరిగిందీ అందుకే.

1925లో సన్ చనిపోయాక నౌకకు ఆయన మరో పేరైన 'జోంగ్‌షాన్' అని పెట్టారు. దాంతో చాలామంది ఈ కథను 'జోంగ్‌షాన్ ఘటన'తో కలిపేస్తారు. అది 1926 మార్చి నాటిది: నౌక కదలికల వెనుక కుట్ర ఉందంటూ చియాంగ్ కమ్యూనిస్టులపై విరుచుకుపడిన గొడవ.