పాలంపేటకు వచ్చేవారికి ముందు చెరువు చూపించు

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

పాలంపేటలో రామప్ప గుడి దగ్గర గైడుగా కుదురుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ పని చాలా ఏళ్లు చేసినవాణ్ణి గనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

వచ్చినవారిని నేరుగా గుడికి తీసుకుపోవద్దు. నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ణి. శిల్పాలు చూసి అలసిపోయిన జనం కిలోమీటరు దూరంలోని చెరువు దాకా వచ్చేవారు కాదు. ఒకసారి ఒక ముసలి రైతు మాత్రం పట్టుబట్టి కట్ట ఎక్కి, ఈ నీళ్లు ఏ తూము గుండా ఏ పొలాలకు పారుతాయని అడిగితే, గుడి మీది మదనికలనే స్త్రీ శిల్పాల నగలన్నీ వరుసగా చెప్పగలిగిన నాకు నోట మాట రాలేదు. మరునాడే ఆయకట్టు రైతుల వెంట కాలువ గట్లు పట్టి నడిచాను. నువ్వు ఆ నడక ముందే నడువు.

మూడు వైపుల గుట్టలుండగా నాలుగో వైపు కట్ట పోసి నీటిని ఎలా నిలిపారో కట్ట మీద నిలబెట్టి చూపిస్తే, ఊరు, గుడి, చెరువు మూడింటినీ కలిపి కట్టించిన కాకతీయుల పద్ధతి వారికి కళ్లారా తెలుస్తుంది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి అని మనం పిలిచే ఈ రుద్రేశ్వరాలయాన్ని కట్టించాడన్న మాట ఆ తరువాత చెబితే మనసుకు పట్టుతుంది.

గుడిలో అందరూ నీటిలో తేలే ఇటుకల గురించే అడుగుతారు. శిఖరం బరువు తగ్గించడానికి అంత తేలికైన ఇటుకలు వాడారని చెప్పి, వెంటనే మండపంలో ఎగుడుదిగుడుగా ఉన్న నేలను చూపించి ఇసుక పునాది సంగతి ఎత్తుకో. పైన బరువు తగ్గించడమూ కింద ఇసుక నింపడమూ ఒకే ఆలోచన అని వారికే తోస్తుంది. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనిక దగ్గర నవ్వులు తప్పవు, నవ్వనివ్వు. అయితే ఎర్ర ఇసుకరాతి గోడల మీద ఆ నల్లరాతి బొమ్మ నడుము వంపును పక్క నుంచి చూడమని చెప్పడం మరువకు. ఈ శిల్పాల భంగిమలను పరిశీలించి నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. గర్భగుడి ద్వారం పక్కన సరిగమలు పలికే శిల్పాన్ని నువ్వూ మీటవద్దు, ఎవరినీ మీటనివ్వవద్దు. ఒక్కొక్కరి వేలు కొంచెమే అయినా రాయి అరుగుతుంది.

2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక రద్దీ పెరిగింది కనుక పొద్దున్నే మొదలుపెట్టు. ఎండాకాలంలో చెప్పులు విడిచాక బండలు కాలుతాయి, మేజోళ్లు తెచ్చుకోమని ముందే చెప్పు. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకుతోందని తెలిస్తే మాత్రం వచ్చినవారిని అటే తీసుకుపో, గుడి మధ్యాహ్నం చూడవచ్చు.

ఇట్లు,
మీ మామయ్య