పాత కంప్యూటర్ క్యాబినెట్ కోసి ఫ్యాన్లు పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ మొదట పక్క డోరు తీసి చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: పాత స్టీల్ క్యాబినెట్, అందులో కొత్తగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డు. మధ్యాహ్నం గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే ఫ్యాన్లు గోల పెడతాయి, ఆపైన గేమ్ నత్తనడక. లోపల వైర్లన్నీ చిక్కుపడి ఉన్నాయి. కొత్తది కొనకుండా ఉన్నదాన్నే కోసి బాగుచేసుకోవచ్చా అని అడిగారు. విజయవాడ ఎండల్లో నా పాత క్యాబినెట్‌తో నేను పడిన తంటా కూడా ఇదే కాబట్టి చెబుతున్నాను.

డ్రిల్ పట్టుకునే ముందు ఒక పరీక్ష చేయండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, డోరు మూసి ఓ అరగంట గేమ్ ఆడి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు టెంపరేచర్లు రాసుకోండి. తర్వాత పక్క డోరు పూర్తిగా తీసేసి, అదే గదిలో అదే గేమ్ మళ్లీ ఆడండి. ఏడెనిమిది డిగ్రీలో అంతకన్నా ఎక్కువో తగ్గితే తప్పు క్యాబినెట్‌ది, దానికి గాలి ఆడటం లేదు. పెద్ద తేడా లేకపోతే క్యాబినెట్ జోలికి వెళ్లకండి. ప్రాసెసర్ మీద వేడి లాగడానికి రాసే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, లేదా ప్రాసెసర్ మీద కూర్చుని వేడి లాగే లోహపు దిమ్మె, అదే హీట్‌సింక్, దాని రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. అది శుభ్రం చేసి కొత్త పేస్ట్ రాస్తే సరిపోతుంది. ఇంకో మాట, గదిలో 42 డిగ్రీలుంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపల అంతకన్నా చల్లబడదు. ఫ్యాన్ చేసేది లోపలి వేడిగాలిని బయటికి పంపి గదిలో గాలిని తీసుకురావడం, అంతే.

నా దాంట్లో డోరు తీయగానే టెంపరేచర్ బాగా పడిపోయింది. కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ముందు వైపు నిగనిగలాడే ప్లాస్టిక్ ముఖం, దాని వెనక రేకుకి చిన్న చిన్న చిల్లులు, ఆ వెనకే హార్డ్ డిస్కులు బిగించే ఇనప చట్రం, అంటే హార్డ్ డిస్క్ కేజ్, దాని నిండా వైర్లు. గాలి రావడానికి దారి ఏది? ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల్లో ఎక్కువ శాతం వేడిని వెనక నుంచి బయటికి పంపవు, క్యాబినెట్ లోపలే వదిలేస్తాయి. అందుకే చాలామంది చేసినట్టు పైన రెండు ఫ్యాన్లు బిగించేయడం కన్నా, ముందు వైపు దారి తెరవడమే అసలు పని అని నా అభిప్రాయం.

అన్నిటికన్నా లాభం ఇచ్చింది హార్డ్ డిస్క్ కేజ్ తీసేయడం. మీది స్క్రూలతో ఉంటే అదృష్టం. రివెట్లతో ఉంటే రివెట్ తల మధ్యలో డ్రిల్ పెట్టి తల ఊడేదాకా తిప్పితే చాలు. అయితే పైనున్న సీడీ డ్రైవ్ అరల బరువు ఆ కేజ్ మీద ఆనుకుని ఉందేమో చూసుకోండి. అలా ఉంటే కేజ్ తీశాక ముందు భాగం ఊగుతుంది. హార్డ్ డిస్క్‌ని సీడీ డ్రైవ్ అరలోకి మార్చేయొచ్చు. గాలికి, వైర్లకి, పొడుగు గ్రాఫిక్స్ కార్డుకి, మూడింటికీ ఒకేసారి చోటు దొరుకుతుంది.

ఇక కోత. 120 మి.మీ. ఫ్యాన్‌కి 114 మి.మీ. అంటే నాలుగున్నర అంగుళాల హోల్ సా (డ్రిల్‌కి తగిలించే గుండ్రటి రంపం) కావాలి. స్క్రూ రంధ్రాలు 105 మి.మీ. చదరంలో పడతాయి, 5 మి.మీ. బిట్ సరిపోతుంది. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్‌లో హోల్ సా దొరుకుతుంది, ఫ్యాన్లకి ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ సామాన్ల షాపులుండే సీటీసీ కాంప్లెక్స్ ఉండనే ఉంది. మదర్‌బోర్డుతో సహా లోపల ఉన్నవన్నీ ముందే బయటికి తీసేయాలి. కవర్ కప్పి కోసేద్దాం అనుకోవద్దు, ఇనప రజను ఒక్క పలుకు బోర్డు మీద పడినా షార్ట్ కావచ్చు. క్యాబినెట్ రేకు పలచన, మిల్లీమీటరు కూడా ఉండదు. హోల్ సా పళ్లు పట్టేసి రేకుని మెలితిప్పుతాయి. అందుకని వెనక ఒక ప్లైవుడ్ ముక్క పెట్టి క్లాంప్‌తో బిగించి, రెండు చుక్కలు నూనె వేసి, డ్రిల్‌ని నెమ్మదిగా తిప్పండి. ఇవన్నీ ఎందుకులే అనుకుంటే ఖాళీ డబ్బా పట్టుకెళ్లి వెల్డింగ్ షాపులో ఇవ్వండి, గ్రైండర్‌తో కోసిస్తారు. అంచు మాత్రం అంత గుండ్రంగా రాదు.

రజను ఎత్తడానికి పాత స్పీకర్ అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ తొడిగి రేకు మీద తిప్పండి. ముళ్లపందిలా రజను అంతా కవర్‌కి అంటుకుంటుంది. చెత్తబుట్ట మీద కవర్‌ని తిరగేసి లాగితే అంతా రాలిపోతుంది. కవర్ లేకుండా పెట్టారో, ఆ అయస్కాంతం ఇక జన్మలో శుభ్రం కాదు. తర్వాత కోసిన అంచుని ఆకురాయితో రాయండి, చేతికి తగిలితే బ్లేడులా తెగుతుంది. డబ్బాని సబ్బు నీళ్లతో కడిగి ఎండలో పెట్టి, బాగా ఆరాక అంచుకి స్ప్రే పెయింట్ కొట్టి, రబ్బరు బీడింగ్ తొడిగేయండి. పెయింట్ వేయకపోతే వానాకాలానికి తుప్పు పడుతుంది.

వెనక ఫ్యాన్ ఉండే చోట చిల్లుల రేకు ఉంటుంది చూడండి, అందులో దాదాపు సగం రేకే. దాన్ని కోసేసి తీగల గ్రిల్ బిగిస్తే అదే ఫ్యాన్ ఎక్కువ గాలి పంపుతుంది, రొద కూడా తగ్గుతుంది.

నా లెక్కలో ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి చాలు. ఫ్యాన్‌లో మోటారుని పట్టుకునే అడ్డ కమ్మీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకి వస్తుంది. ముందు ఫ్యాన్లకి కిటికీల దోమల మెష్ కత్తిరించి అడ్డం పెట్టండి, నెలకోసారి తీసి కడగండి. మెష్ వల్ల గాలి కొంచెం తగ్గుతుంది, మన దుమ్ముకి అది తప్పదు. అంతా బిగించాక డోరు మూసి, వెనక ఖాళీ కార్డ్ స్లాట్ల దగ్గర అగరువత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగేస్తుంటే బయటికి పంపే ఫ్యాన్ జోరు ఎక్కువైందని, ప్రతి సందులోంచీ దుమ్ము వస్తుందని. వెనక ఫ్యాన్ స్పీడ్ బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే సెట్టింగుల్లో) కాస్త తగ్గిస్తే పొగ బయటికి తిరుగుతుంది.

వైర్ల గురించి నిజం చెప్పాలంటే, వాటిని ఎంత అందంగా సర్దినా టెంపరేచర్ ఒకటి రెండు డిగ్రీలకు మించి మారదు. ముందు ఫ్యాన్‌కి అడ్డం లేకుండా చూసుకుంటే చాలు. మదర్‌బోర్డు బిగించే రేకుకి కుడి పక్కన ఒక పొడుగు రంధ్రం, ప్రాసెసర్ కరెంటు వైర్ కోసం ఎడమ పై మూలన ఒక చిన్నది కోసుకోవచ్చు. కానీ ముందు ఆ రేకుకీ దాని వెనకున్న రెండో పక్క డోరుకీ మధ్య స్కేలు పెట్టి చూడండి. సెంటీమీటరున్నర కూడా లేకపోతే మదర్‌బోర్డుకి కరెంటిచ్చే 24 పిన్నుల లావు వైరు అక్కడ పట్టదు, డోరు ఉబ్బిపోతుంది. నాకు అలాగే చోటు లేక, వాడని వైర్లన్నీ ఖాళీ సీడీ డ్రైవ్ అరలో మడిచి కేబుల్ టైలతో కట్టేశాను. బయటికి కనపడదు కాబట్టి ఎవరూ అడగరు.

కరెంటు విషయంలో మాత్రం కక్కుర్తి వద్దు. కంప్యూటర్‌కి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. మదర్‌బోర్డు మీద ఫ్యాన్ వైరు గుచ్చే ఒక్కో కనెక్టర్ సాధారణంగా ఒక ఆంపియర్ వరకే ఇస్తుంది, కాబట్టి ఒక్కచోట రెండు మూడు ఫ్యాన్లు కలిపే స్ప్లిటర్ పెట్టేముందు ఫ్యాన్ల మీద రాసి ఉన్న ఆంపియర్లు కూడండి. పాత నాలుగు పిన్నుల కరెంటు ప్లగ్ (మోలెక్స్) నుంచి ఇప్పటి హార్డ్ డిస్కుల కరెంటు ప్లగ్‌కి (సాటా) మార్చే చవక కనెక్టర్లలో, ప్లాస్టిక్ ఒకే ముద్దగా పోతపోసినవి కాలిపోయే రకం. అవి కొనొద్దు. క్యాబినెట్ రేకు ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటుంటే ఇంట్లో ఎర్తింగ్ లేనట్టు. అది ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, ఫ్యాన్ల సంగతి తర్వాత.

రేకు తుప్పు పట్టి ఉంటే, లేదా టూల్స్ అన్నీ కొత్తగా కొనాల్సి వస్తే, ఆ డబ్బుకి ముందు వైపు జాలీ ఉన్న కొత్త క్యాబినెట్టే మేలు. మీ కేజ్ రివెట్లదా స్క్రూలదా, ముందు రేకు మీద ఖాళీ ఎంతుందో కొలిచి కింద రాయండి. రెండు ఫ్యాన్లు పడతాయో ఒకటే పడుతుందో చెబుతాను.