స్కానర్ కోర్సుకి డబ్బు కట్టమంటారా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి ఐటీఐలో మోటారు మెకానిక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో ఒక కారు షెడ్డుకి పోతుంటాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఫాల్ట్ కోడ్‌లు చూడటం నేర్పే మూడు నెలల కోర్సు చెన్నైలో ఉందట, ఫీజు డెబ్బై వేలట. అది చేస్తే ఇక తిరుగుండదంటున్నాడు. కట్టమంటారా? డిప్లొమాలో చేర్చమంటారా?

జవాబు: ఇప్పుడైతే కట్టకండి. మీవాడు ఎంచుకున్న దారి మంచిదే. కాకపోతే కోడ్ చదవడమే పెద్ద విద్య అనుకుంటున్నాడు, అక్కడే చిక్కు. డ్యాష్‌బోర్డు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే, బండి కంప్యూటర్ తప్పు కనబడినప్పుడు రాసిపెట్టుకున్న కోడ్ నిమిషంలో తెర మీద పడుతుంది, దాని అర్థం ఫోన్లో దొరుకుతుంది. దానికి డెబ్బై వేలు ఎందుకు? అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఉదాహరణకి బండి ఒకే గేరులో ఇరుక్కుపోయి షెడ్డుకొచ్చింది. చవక స్కానర్ పెడితే పి0700 అని చూపించి ఊరుకుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో తప్పు రాసిపెట్టుకుంది, వెళ్ళి దాన్నే అడగండి అని తప్ప దానికి వేరే అర్థం లేదు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాట్లాడగల స్కానర్ పెడితే పి0715 వచ్చిందనుకుందాం. లోపలికి వెళ్ళే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందని ఆ కోడ్ అర్థం. చాలా షెడ్లలో వెంటనే కొత్త సెన్సర్ తెప్పించి బిగించేస్తారు, కోడ్ చెరిపేస్తారు. వారం తిరక్కుండా అదే కోడ్ మళ్ళీ వస్తుంది. కోడ్ చెప్పింది సర్క్యూట్ గురించి. సెన్సర్, వైరు, కనెక్టర్, చివరికి కంప్యూటర్ కూడా అందులో భాగమే.

పని తెలిసినవాడు ముందు బ్యాటరీ వోల్టేజి చూస్తాడు, అది తక్కువుంటే లేనిపోని కోడ్‌లన్నీ వస్తాయి. తర్వాత కనెక్టర్ ఊడదీసి ఆయిల్ చేరిందా, పిన్నులు పచ్చబడ్డాయా, ఎలుక వైరు కొరికిందా అని చూస్తాడు. మన సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పట్టడం మామూలే. అప్పుడు స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సర్లు ఆ క్షణంలో పంపే అంకెలు, తెరుస్తాడు. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న బండిని పార్క్‌లో పెట్టి ఇంజిన్ ఆన్ చేస్తే ఈ షాఫ్టు వేగం దాదాపు ఇంజిన్ వేగమంత ఉండాలి. అక్కడ సున్నా చూపిస్తే సెన్సర్ వైపో, వైరు వైపో అనుమానించాలి. బ్రేకు తొక్కి డ్రైవ్‌లో పెట్టినప్పుడు మాత్రం సున్నా రావడమే సరైనది, ఎందుకంటే చక్రాలతో పాటు ఆ షాఫ్టు కూడా ఆగిపోతుంది. ఇది తెలియనివాడు బాగున్న సెన్సర్‌ని పారేస్తాడు.

పి0730 ఇంకా బాగుంటుంది, అది గేర్ నిష్పత్తి తప్పిందని చెప్పే కోడ్. మూడో గేరు నిష్పత్తి 1.5 అనుకుందాం. లోపలికి 3000 చుట్లు వెళ్తే బయటికి 2000 రావాలి. 1700 వస్తోందంటే లోపల క్లచ్ జారుతుండవచ్చు. జారుతోందా, సెన్సర్ అబద్ధం చెబుతోందా అని తేల్చాలి. గేర్‌బాక్స్ దించాలా వద్దా అన్నది ఈ భాగహారం మీద ఆధారపడుతుంది. మీవాడికి లెక్కలంటే భయం లేకపోతే ఈ రంగంలో సగం గెలిచినట్టే.

అందుకని నా సలహా ఇది. ఐటీఐ పూర్తి చేయనివ్వండి. ఈలోపు రెండు మూడు వేలు పెట్టి మంచి మల్టీమీటర్ కొనివ్వండి, షెడ్డులో మేస్త్రిని అడిగి వైరింగ్ పనులు చేయనివ్వండి. పాసయ్యాక అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు చేయించి, నెల్లూరులోనో ఒంగోలులోనో ఏదైనా కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో చేర్చండి. కంపెనీ స్కానర్, వైరింగ్ డయాగ్రామ్‌లు అక్కడ చేతికి అందుతాయి, బయట షెడ్డులో అవి దొరకడం కష్టం. స్టైపెండ్ తక్కువే, ఆ ఏడాది మీరు ఓర్చుకోవాలి.

ఐటీఐలో నేర్చిన మామూలు గేర్‌బాక్స్ వృథా పోదు. 2014లో మారుతి సెలెరియోతో మన రోడ్ల మీదికొచ్చిన ఏఎంటీ అనే ఆటోమేటిక్ రకం ఉంది చూశారా, లోపల మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది, అంతే. సీవీటీ, డ్యూయల్ క్లచ్ అనే మిగతా ఆటోమేటిక్ రకాలు అలా కాదు, వాటి సంగతి సర్వీస్ సెంటర్‌లో చూసి నేర్చుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లలో ఇన్ని గేర్లు ఉండవుగా అని టెన్షన్ పడకండి. కోడ్ దగ్గర మొదలుపెట్టి అసలు కారణం పట్టుకునే పద్ధతి అక్కడా ఇదే.

డిప్లొమాకి తొందర లేదు. చదువు మీద నిజంగా మనసుంటే చేర్చండి, మీ మాట కోసం మాత్రం వద్దు. సర్వీస్ మాన్యువల్స్ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి రోజూ ఒక పేజీ చదివే అలవాటు ఇప్పుడే చేయించండి.

రెండేళ్ళ తర్వాత కూడా ఆ చెన్నై కోర్సు కావాలంటే, డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఒకటే అడగండి: కావాలని తప్పు పెట్టిన బండి ఇచ్చి, వైరింగ్ డయాగ్రామ్ చేతిలో పెట్టి, ప్రతి స్టూడెంట్ చేతా విడిగా పని చేయిస్తారా? నీళ్ళు నమిలితే ఫోన్ పెట్టేయండి.