పాఠకుల సందేహాలు: దయ్యాన్ని వదిలించాలా, ఉచ్చాటన చేయాలా?

ప్రశ్న: ఒక ఇంగ్లీషు హారర్ సినిమాకు తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఎక్సార్సిజం (పట్టిన దయ్యాన్ని వదిలించే తంతు) అని వచ్చిన చోటల్లా ‘ఉచ్ఛాటన’ అని రాశాను. చూసినవారు ఒకరు మహాప్రాణం (ఒత్తి పలికే ‘ఛ’) తప్పన్నారు, గొంతు ఇచ్చేవారేమో నోరు తిరగడం లేదంటున్నారు. ఏం చేయాలి? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తప్పు పట్టినవారిది సరైన మాటే. ‘ఉచ్చాటన’ అనే రాయాలి. ఉత్ + చాటన కలిసినప్పుడు పక్కనున్న చకారాన్ని చూసి తకారం కూడా చకారమైపోతుంది. సత్ + చరిత్ర ‘సచ్చరిత్ర’ అయినట్టే. మహాప్రాణం రావాలంటే రెండో మాట ‘శ’తోనో ‘ఛ’తోనో మొదలవ్వాలి: ఉత్ + శ్వాస ఉచ్ఛ్వాస, ఉత్ + శిష్టం ఉచ్ఛిష్టం, ఉత్ + ఛేదం ఉచ్ఛేదం. వీటికి అలవాటుపడిన చేయి ‘ఉచ్ఛస్థితి’ అనీ, ‘ఉచ్ఛాటన’ అనీ రాసేస్తుంది. రెండూ తప్పే.

అసలు చిక్కు అక్షరంలో కాదు, అర్థంలో ఉంది. తంత్ర గ్రంథాలు చెప్పే షట్కర్మల్లో (శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం) ఇది అయిదోది. ఎదుటివాణ్ణి అతని ఊరి నుంచీ, ఉన్న చోటు నుంచీ కదిలించి వెళ్లగొట్టడం దీని పని. అంటే గురి దయ్యం మీద కాదు, మనిషి మీద! దయ్యాన్ని పంపేయడమని చెప్పాలంటే ‘భూతోచ్చాటన’ అనడం క్షేమం. వాక్యంలో కర్మ స్థానంలో (‘దేన్ని’ అన్న చోట) కూడా భూతమే ఉండాలి. ‘ఆ అమ్మాయిని ఉచ్చాటన చేశారు’ అని రాస్తే అమ్మాయిని ఊళ్లోంచి తరిమేశారని అర్థం.

ఇక డబ్బింగ్ సంగతి. పుస్తకం చదివే ప్రొఫెసర్ పాత్ర నోట ‘భూతోచ్చాటన’ పలుకుతుంది గానీ తల్లి పాత్ర నోట పలకదు. ఆవిడ ‘నా బిడ్డకు పట్టిన దయ్యాన్ని వదిలించండి’ అంటుంది. ఇక్కడ ఒక్క అక్షరం జారినా కొంప మునుగుతుంది. ‘దయ్యాన్ని వదిలించారు’ అంటే పీడ విరగడైంది. ‘దయ్యాన్ని వదిలారు’ అంటే గొలుసు విప్పి కుక్కను ఉసిగొల్పినట్టు, ఎవరి మీదికో పంపారని!

చర్చి ఫాదరు పాత్రకైతే రెండూ నప్పవు. తెలుగు బైబిలు మాట ‘దయ్యములను వెళ్లగొట్టుట’. మంత్రశాస్త్రపు వాసన ఉన్న ఉచ్చాటనను ఆయన చేత పలికించకండి. ఇంగ్లీషు మాటకు గ్రీకు మూలంలో ఉన్నది ఒట్టు, అంటే ఆనబెట్టి పొమ్మనడం. కాబట్టి ‘దేవుని ఆన, బయటికి రా’ అన్న డైలాగు మూలానికి దగ్గరగానూ ఉంటుంది, పెదవులకూ అందుతుంది.

పట్టే మాటను బట్టే వదిలే మాట ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. దయ్యం పడుతుంది, వదులుతుంది. దిష్టి తగులుతుంది, దాన్ని తీస్తారు. అమ్మవారు పూనుతుంది, హారతిచ్చి శాంతింపజేస్తారు. పూనకం వచ్చినావిడకు ‘వదిలించారు’ అని రాస్తే భక్తులు నొచ్చుకుంటారు. (దైవం ప్రకృతి, దయ్యం వికృతి అని బడిలో చదువుకున్నదే. అయినా వాడుకలో ఈ రెంటినీ ఒక గాటన కట్టలేం.)

ప్రశ్న: ఇక్కడి కన్నడ పత్రికల్లో ‘పార్టీ నుంచి ఉచ్చాటనె’ అని చూస్తుంటాను. తెలుగులోనూ అలా రాయవచ్చా? (బళ్లారి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వ్యాకరణం అడ్డు చెప్పదు. ఉన్న చోటి నుంచి తొలగించడమన్న పాత అర్థాన్ని కన్నడం అలాగే నిలుపుకుంది. తెలుగు పాఠకుడికి మాత్రం ఆ మాట వినగానే వేపమండలు, పసుపు కుంకుమలు కళ్ల ముందు కదులుతాయి. మనకు పార్టీ నుంచి ‘బహిష్కరణ’ ఉంది. పదవి నుంచి తప్పించడానికి ‘ఉద్వాసన’ ఉంది. అదీ పూజగదిలోంచి వచ్చిన మాటే. ఆవాహన చేసిన దేవుణ్ణి పూజ ముగిశాక ‘యథాస్థానం ఉద్వాసయామి’ అని సాగనంపుతాం. అదే మాటతో ఇప్పుడు మంత్రులకు ఉద్వాసన పలుకుతున్నాం. కాకపోతే దేవుడికి ‘పునరాగమనాయ చ’ అనే హామీ కూడా ఉంటుంది.

ప్రశ్న: ‘వాడి ముందు వీడు దిగదుడుపే’ అంటారు. దిగదుడుపు అంటే ఏమిటి? (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: దిగదుడవడమంటే దిష్టి తీయడం. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మనిషి చుట్టూ ముమ్మారు తిప్పి నిప్పుల్లో వేస్తారు. మిరపకాయల ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని నమ్మకం. కొన్ని ఇళ్లలో అన్నం ముద్ద తిప్పి బయట పారేస్తారు. అలా తిప్పి పారేసేదే దిగదుడుపు. అందగాడికి దిష్టి తీసి పారేసిన ముద్దపాటి విలువ కూడా ఇవతలివాడికి లేదన్నది ఆ ఎత్తిపొడుపు.