ఎం.ఏ. ఇంగ్లిషా, లింగ్విస్టిక్సా?

ప్రశ్న: బీఏ, బీఈడీ చేసి మా మండలంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెబుతున్నాను. అప్లయిడ్ లింగ్విస్టిక్స్‌లో ఎం.ఏ. చెయ్యాలని ఉంది. మా మామయ్యగారు మాత్రం ఎం.ఏ. ఇంగ్లిషే చెయ్యమంటున్నారు. లింగ్విస్టిక్స్ చేస్తే నా ఇంగ్లిష్ కూడా మెరుగవుతుంది కదండీ, ఏది మంచిది?
– ఒక టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఇంగ్లిష్ మెరుగవుతుందా అన్నదానికి మొదట జవాబు చెప్పేస్తానమ్మా. మెరుగవదు. అప్లయిడ్ లింగ్విస్టిక్స్ అంటే భాషాశాస్త్రాన్ని బోధన లాంటి పనులకి వాడుకోవడం, స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కాదు. ధ్వనులు, వాక్యనిర్మాణం, రెండో భాష ఎలా వంటబడుతుంది, పరీక్ష పేపర్ ఎలా తయారుచెయ్యాలి, ఇవీ అందులో ఉండేవి.

మామయ్యగారి మాట కొట్టిపారెయ్యకండి. జూనియర్ కాలేజీల్లో, డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లిష్ పోస్టులు పడితే అర్హత దగ్గర సాధారణంగా ఎం.ఏ. ఇంగ్లిష్ అనే ఉంటుంది. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో లింగ్విస్టిక్స్ విడిగా ఒక సబ్జెక్టే, కానీ అది పాసయ్యాక చేరదామంటే మన రెండు రాష్ట్రాల్లో ఆ శాఖ ఉన్న యూనివర్సిటీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పాత నోటిఫికేషన్లు రెండు మూడు తీసి అర్హత పేరా చదివాకే ఫీజు కట్టండి.

అయితే మీకు అటు మనసు ఎందుకు లాగుతోందో కూడా అర్థమవుతోంది. మీ ఏడో తరగతి పిల్లాడు 'ఐ డిడ్ నాట్ వెంట్' అని రాస్తాడు, మీరు ఎర్ర ఇంకుతో కొట్టేసి పదిసార్లు రాయిస్తారు, వచ్చే వారం మళ్లీ అదే. తెలుగు ప్రభావం అనుకుంటాం గానీ స్పెయిన్ పిల్లలూ చైనా పిల్లలూ, అంతెందుకు, ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన చంటిపిల్లలూ అలాంటి తప్పే చేస్తారు. భూతకాలం గుర్తు పెట్టాలని తెలిసింది, ఒక్కచోటే పెట్టాలని ఇంకా తెలియలేదు, అంతే. అదే పిల్లాడు 'సన్ రైజెస్ ఇన్ ఈస్ట్' అని రాస్తే అది వేరే సంగతి, మన భాషలో ఆర్టికల్సే లేవు కాబట్టి వాడికి ఆ లోటు కనబడదు. మొదటిది చాలావరకు వాడుకలో సర్దుకుంటుంది, రెండోదాన్ని మీరు పనిగట్టుకుని చూపించాలి. తప్పుని ఇలా చదవాలని పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో ఒక వ్యాసం రాశాడు, ఈ కోర్సు చేసే ప్రతివాళ్లూ ఎక్కడో ఒకచోట దాన్ని చదవాల్సిందే.

ఇదంతా పైదేశాల సరుకేమీ కాదు. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు ప్రాజెక్టు పేరుతో దక్షిణాది స్కూళ్లలో గ్రామర్ రూల్స్ పక్కనపెట్టి, రైల్వే టైంటేబుల్ లాంటివి ఇచ్చి, ఏ బండి ఎప్పుడు చేరుతుందో తేల్చమని పిల్లల చేత ఇంగ్లిష్‌లో పని చేయించారు. టాస్క్ పద్ధతి అని ఇప్పుడు అందరూ చెప్పుకునేదానికి అదొక మొదటి ప్రయోగం.

మీ స్థానంలో నేనుంటే ఎం.ఏ. ఇంగ్లిష్ చేస్తాను, ఈఎల్‌టీ, అంటే ఇంగ్లిష్ బోధన మీద పేపర్ ఉన్న యూనివర్సిటీ చూసుకుని. ఆ తర్వాత హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), అదే 1958లో మొదలైన సంస్థ, పాతవాళ్లు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు, టీచర్ల కోసం దూరవిద్యలో నడిపే పీజీసీటీఈ, పీజీడీటీఈ (ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్, పీజీ డిప్లొమా) చూస్తాను. ఉద్యోగం మానక్కర్లేదు. పీహెచ్‌డీ, పాఠ్యపుస్తకాలు, పరిశోధన, ఇటే వెళ్లాలని గట్టిగా ఉంటే మాత్రం ఇఫ్లూ, ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ మూడింటికీ అప్లై చెయ్యండి, మామయ్యగారికి నేను చెప్పానని చెప్పండి.

ప్రశ్న: నాది ఎం.ఏ. తెలుగు. తెలుగు రానివాళ్లకి తెలుగు నేర్పే పని దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: దొరుకుతుంది, కానీ తక్కువ. మైసూరులో భారతీయ భాషా సంస్థకి చెందిన దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో ఇతర భాషల టీచర్లకి తెలుగు నేర్పుతారు. అమెరికాలో కొన్ని యూనివర్సిటీల్లో తెలుగు క్లాసులున్నాయి. అక్కడి తెలుగు పిల్లలకి తెలుగు నేర్పే మనబడి లాంటివాటిలో చెప్పేది ఎక్కువగా వాలంటీర్లు, జీతం అనుకుని వెళ్లకండి.

ఎం.ఏ.లో చదివిన ప్రబంధాలు ఇక్కడ పెద్దగా పనికిరావు, నిష్టూరంగా ఉన్నా అది నిజం. పంజాబీ విద్యార్థి "మనం వెళ్తాం, మేం వెళ్తాం, ఎప్పుడు ఏది?" అని అడిగితే గుక్కతిప్పుకోకుండా రెండు సన్నివేశాలు చెప్పగలగాలి. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి ఇంగ్లిష్‌లో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) దొరికితే చదవండి. మన భాషని బయటివాళ్లు ఎటునుంచి చూస్తారో తెలుస్తుంది.

ప్రశ్న: నాలుగు వారాల సెల్టా చేస్తే పీజీతో సమానమా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కాదు. సెల్టా అంటే పెద్దవాళ్లకి ఇంగ్లిష్ నేర్పడానికి కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్. 120 గంటల కోర్సు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకి పాఠం చెప్పాలి, వెనక కూర్చుని మార్కులేస్తారు. ఆ ఆరు గంటలే అసలు ఉపయోగం. విదేశాల్లో పెద్దవాళ్లకి ఇంగ్లిష్ నేర్పే సంస్థల్లో విలువుంది, ఇక్కడ లెక్చరర్ పోస్టుకి మాత్రం దాన్ని పీజీ బదులు చూపించలేరు. ఫీజు కూడా తక్కువేం కాదు, అప్పు చేసి చేరేముందు ఏ దేశం వెళ్దామనుకుంటున్నారో తేల్చుకోండి.